కాటా రసీదు ప్రోగ్రాం డైరీ: ఫార్మాట్ స్ట్రింగులో కంపైలరుకు కనిపించేదెంత

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం ఉంటుంది కనుక, విశాఖపట్నం చేపల రేవులో కాటాలకు కాస్త తీరిక దొరికేది ఈ కాలంలోనే. అక్కడ కమీషను వ్యాపారం చేసే ఒకరి కాటాకు అమర్చిన చిన్న పెట్టెలోని ప్రోగ్రామును ఈ తీరికలో సరిచేసి ఇస్తానని ఒప్పుకున్నాను. పెట్టెలో 32 బిట్ల ఆర్మ్ మైక్రోకంట్రోలరు ఉంది. కాటా నుంచి సీరియల్ తీగ మీద వచ్చే బరువును చదివి, రేటుతో గుణించి, 58 మిల్లీమీటర్ల థర్మల్ కాగితం మీద రసీదు ముద్రించడం దాని పని. ఇదే కోడును వ్యాపారి ల్యాప్‌టాపులో లెక్కలు చూసుకునే ప్రోగ్రాముకు కూడా వాడుకున్నారు. మొదట రాసినవారు ఇప్పుడు అందుబాటులో లేరు. సీ భాషలో రాసిన సోర్సు మాత్రం చేతికి వచ్చింది; దానిని యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చేది కంపైలరు. ముద్రించే ఫంక్షను ప్రింట్ఎఫ్‌కు ఇచ్చే నమూనా వాక్యమే ఫార్మాట్ స్ట్రింగు; విలువలు ఎక్కడ, ఏ రూపంలో పడాలో అందులోని '%' మార్పిడి గుర్తులు చెబుతాయి. ఆ గుర్తులను ఈ డైరీలో తెలుగు అక్షరాలతోనే రాస్తున్నాను: '%డి' పూర్ణాంకానికి, '%యూ' రుణగుర్తు లేని పూర్ణాంకానికి, '%ఎస్' స్ట్రింగుకు, '%ఎఫ్' దశాంశ సంఖ్యకు.

సోమవారం

వ్యాపారి నా ముందు పెట్టిన ఫిర్యాదు ఒక్కటే. నిషేధానికి ముందు తీసిన రసీదుల కట్టను చూపించి, "ఏటి బాబూ ఇది, నిన్న నలభై మీదున్న నంబరు ఇయాల రెండు లచ్చలు దాటిపోనాదేటి?" అన్నారు. రసీదు అడుగున పద్దు కోసం ముద్రించే వరుసలో మొత్తం ఉండవలసిన చోట అర్థంలేని అంకె, నంబరు ఉండవలసిన చోట 234500 ఉన్నాయి. అదే రసీదు పైభాగంలో సొమ్ము 2,345 రూపాయలని సరిగానే ఉంది. అంటే నంబరు చోట పడినది పైసల్లో లెక్కగట్టిన మొత్తమే.

కోడులో ఆ వరుస ఫార్మాట్ స్ట్రింగు 'మొత్తం %డి పైసలు, రసీదు %డి' అనే ధోరణిలో ఉంది; దాని వెనుక వచ్చే విలువలు రెండు, 64 బిట్ల మొత్తమూ, మామూలు ఇంట్‌గా (ఇక్కడ 32 బిట్ల పూర్ణాంకం) ఉన్న రసీదు నంబరూ. ప్రింట్ఎఫ్ ఎన్ని ఆర్గ్యుమెంట్లనైనా (పిలుపులో ఇచ్చే విలువలు) తీసుకునే ఫంక్షను కనుక, ఫార్మాట్ స్ట్రింగు తరువాత వచ్చే వాటి రకాలు ఏమిటో దాని ప్రకటనలో ఉండవు. స్ట్రింగు ఏమి చెబితే అదే నిజమనుకొని అది విలువలను తీసుకుంటుంది. ఫంక్షనును పిలిచేటప్పుడు విలువలను ఎక్కడ ఉంచాలో చెప్పే ఆర్మ్ పిలుపు ఒప్పందం ప్రకారం స్ట్రింగు చిరునామా ఆర్0 రిజిస్టరులో (ప్రాసెసరు లోపలి చిన్న గది) వెళ్తుంది. 64 బిట్ల విలువ సరిసంఖ్య రిజిస్టరు దగ్గరే మొదలుకావాలి కనుక ఆర్1ను వదిలేసి, మొత్తం ఆర్2, ఆర్3లలో సర్దుకుంటుంది; ఇక రిజిస్టర్లు లేనందున రసీదు నంబరు మెమరీలోని తాత్కాలిక చోటైన స్టాక్ మీదకు పోతుంది. ప్రింట్ఎఫ్ మొదటి '%డి' కోసం ఆర్1లో ఉన్న చెత్తను, రెండవ దాని కోసం ఆర్2లో ఉన్న మొత్తం తాలూకు దిగువ సగాన్ని తీసుకుంది. అసలు నంబరును ఎవరూ ముట్టుకోలేదు.

ల్యాప్‌టాపులో ఇదే వరుస ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది. 64 బిట్ల ఇంటెల్ యంత్రం మీద లినక్సులో ప్రతి పూర్ణాంకానికీ ఒక్కొక్క 64 బిట్ల రిజిస్టరు దక్కుతుంది కనుక, ఎవరి స్థానంలో వారు ఉంటారు, చిన్న మొత్తాలు సరిగానే పడతాయి. సీ భాషా ప్రమాణం దృష్టిలో రెండు చోట్లా తప్పు ఒకటే, ఫలితానికి హామీ లేనిదే. బిల్డు ఫైలు తెరిచి చూస్తే, హెచ్చరికలన్నిటినీ నోరు మూయించే ఆప్షను అందులో దర్జాగా కూర్చొని ఉంది.

మంగళవారం

ఆ ఆప్షను తీసేసి, 'వాల్' అని అందరూ పిలిచే హెచ్చరికల గుంపును తెరిచాను. ఫార్మాట్ తనిఖీ ఆ గుంపులో భాగమే. తెర నిండిపోయింది.

ఈ తనిఖీ కొత్తదేమీ కాదు. బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ 1978లో వివరించిన లింట్ పరికరం నాటి నుంచీ సీ కోడులోని ఇలాంటి పొరపాట్లను కంపైలరుకు వెలుపల వెదికే అలవాటు ఉంది. జీసీసీ, క్లాంగ్ అనే కంపైలర్లు దానిని లోపలికే తెచ్చుకున్నాయి. జీసీసీ లోపల ఇందుకోసం పట్టికలు ఉంటాయి: ఏ మార్పిడి అక్షరానికి, ముందు ఏ పొడవు గుర్తు ఉంటే, ఏ రకం రావాలి, అది 1989 ప్రమాణంలో ఉన్నదా లేక 1999లో వచ్చినదా అన్న వివరం వాటిలో ఉంటుంది. కంపైలరు స్ట్రింగును అక్షరం వెంట అక్షరం చదువుతూ, ప్రతి '%' దగ్గర ఆగి, పట్టిక చెప్పిన రకాన్ని పిలుపులో ఆ వంతుకు వచ్చిన ఆర్గ్యుమెంటు రకంతో పోలుస్తుంది. పిలుపులో చిన్న రకాలు పెద్దవిగా, అంటే ఫ్లోట్ డబుల్‌గా, చార్, షార్ట్ ఇంట్‌గా పెరిగిపోతాయన్న సంగతి కూడా దానికి తెలుసు కనుక, ఫ్లోటును '%ఎఫ్'తో ముద్రిస్తే అభ్యంతరం చెప్పదు.

పైసల వరుస దగ్గర ఒక చిక్కు ఎదురైంది. '%డి'కి బదులు '%ఎల్‌డి' రాస్తే ల్యాప్‌టాపు కంపైలరు శాంతిస్తుంది, ఎందుకంటే అక్కడ 64 బిట్ల పూర్ణాంకం అంటే లాంగ్. బోర్డు కంపైలరు మాత్రం ఒప్పుకోదు, అక్కడ లాంగ్ 32 బిట్లే. 1999 ప్రమాణం తెచ్చిన ఇంట్‌టైప్స్ హెడరులోని 'పీఆర్‌ఐ' మాక్రోలు ఇందుకోసమే ఉన్నాయి. అవి ఏ యంత్రంలో ఏ గుర్తు కావాలో దానినే స్ట్రింగులో అతికిస్తాయి. వాటిని వాడితే రెండు కంపైలర్లూ సరేనన్నాయి. బోర్డులో మొత్తం అప్పటికీ పడలేదు.

కారణం లైబ్రరీ. చోటు ఆదా కోసం ఈ బోర్డుకు న్యూలిబ్ అనే సీ లైబ్రరీ తాలూకు చిన్న రూపం నానోను జతచేశారు; అందులోని ప్రింట్ఎఫ్‌కు ఇక్కడి 64 బిట్ల రకమైన లాంగ్ లాంగ్ తెలియదు. కంపైలరు తనిఖీ చేసేది భాషా ప్రమాణం ప్రకారం, తీరా లింకరు తెచ్చి జతచేసే లైబ్రరీ ప్రకారం కాదు. నానోలో '%ఎఫ్' పరిస్థితీ అంతే: దశాంశ ముద్రణ భాగం కావాలని లింకరును విడిగా అడగకపోతే ఆ చోట సంఖ్య పడదు, కంపైలరు కిమ్మనదు. విండోస్ కోసం జీసీసీని అందించే మింగ్‌డబ్ల్యూ వాడేవారికి ఈ సంగతి బాగా పరిచయం. పాత మైక్రోసాఫ్ట్ లైబ్రరీకి 1999 గుర్తులు కొన్ని తెలియవు కనుకనే అక్కడ గ్నూ శైలి, మైక్రోసాఫ్ట్ శైలి అని తనిఖీలను వేరుచేసి చెప్పుకొనే వీలు పెట్టారు.

మొత్తాన్ని రూపాయలు, పైసలుగా విడదీసి, రెండు 32 బిట్ల సంఖ్యలుగా ముద్రించడం మేలని తోచింది. అక్కడా చిన్న తమాషా ఉంది. ఈ బోర్డు కంపైలరులో 32 బిట్ల పూర్ణాంకం రకం ఇంట్ కాదు, లాంగ్. రెండింటి పరిమాణమూ ఒకటే అయినా '%యూ' రాస్తే హెచ్చరిక వస్తుంది. దీనిని చాదస్తమని విసుక్కునేవారు ఉన్నారు. నేను మాక్రోతోనే సరిపెట్టాను, ఎందుకంటే ఇదే కోడు రెండు యంత్రాల్లో బతకాలి.

గురువారం

హెచ్చరికలు తగ్గాయని చూసి సంతోషించే ముందు, అవి ఎక్కడ రాలేదో చూడాలి. ఈ ప్రోగ్రాములో నేరుగా ప్రింట్ఎఫ్‌ను పిలిచే చోట్లు తక్కువ. చాలావరకు 'రసీదు వరుస' అనే సొంత ఫంక్షను ద్వారానే పోతాయి. అది ప్రింటరును మొదటి ఆర్గ్యుమెంటుగా, ఫార్మాట్ స్ట్రింగును రెండవదిగా తీసుకొని, మిగిలినవాటిని లోపల, విలువలను ఒక జాబితాగా (వీఏ లిస్టు) తీసుకునే ప్రింట్ఎఫ్ రూపమైన వీఎస్‌ఎన్‌ప్రింట్ఎఫ్‌కు అందిస్తుంది. కంపైలరుకు అది ఏదో ఒక ఫంక్షను, అంతే.

దీనికి విరుగుడు ఫార్మాట్ అట్రిబ్యూట్. ఫంక్షను ప్రకటన పక్కన మూడు సంగతులు చెప్పాలి: తనిఖీ శైలి ప్రింట్ఎఫ్, స్ట్రింగు ఉన్నది రెండవ స్థానంలో, పోల్చవలసిన విలువలు మొదలయ్యేది మూడవ స్థానం నుంచి. విలువల జాబితాను వీఏ లిస్టుగా తీసుకునే ఫంక్షన్లకు మూడవ సంగతి సున్నా. అక్కడ విలువలు పిలుపులో కనిపించవు కనుక స్ట్రింగు నిర్మాణాన్ని మాత్రమే చూస్తుంది. ఇలాంటి ఫంక్షన్లు ఎక్కడెక్కడ దాగి ఉన్నాయో వెదకడానికి, ఈ అట్రిబ్యూటుకు అర్హమైనవాటిని సూచించమని జీసీసీనే అడగవచ్చు. అలా అడిగి, సూచించిన ప్రతిదానికీ చీటీ అంటించాను. మళ్ళీ తెర నిండింది, ఈసారి నిజమైన తప్పులతో.

'రసీదు వరుస'కు పాతవారు తమ సొంత గుర్తు ఒకటి నేర్పారు: '%' తరువాత పెద్ద ఆర్ రాస్తే పైసలను రూపాయల రూపంలో ముద్రిస్తుంది. అట్రిబ్యూటు పెట్టగానే కంపైలరు ఆ గుర్తు తనకు తెలియదని ప్రతి చోటా ఆపింది. జీసీసీ పట్టికలో మనం కొత్త అక్షరం చేర్చలేము. లినక్సు కెర్నెల్‌వారు ఈ ఇబ్బందిని తెలివిగా దాటారు: ఐపీ చిరునామా వంటి వాటిని ముద్రించే తమ పొడిగింపులన్నిటినీ '%పీ' వెనుక అదనపు అక్షరాలుగా పెట్టుకున్నారు. కంపైలరుకు అది మామూలు పాయింటరు (మెమరీ చిరునామా) గుర్తు, ఆ వెనుక ఉన్నవి మామూలు అక్షరాలు. అందువల్ల పాయింటరు వచ్చిందా లేదా అన్నంత వరకు తనిఖీ ఉంటుంది, ఏ వస్తువును చూపే పాయింటరు అన్నది ఉండదు. నాకు అంత సగం తనిఖీ అక్కరలేదు. రూపాయలను ముందే ఒక చిన్న బఫరులో రాసిపెట్టే ఫంక్షను చేసి, దానిని '%ఎస్'తో ముద్రిస్తున్నాను.

మరొక చోట స్ట్రింగులను ఒక పాయింటర్ల పట్టికలో పెట్టి, సంఖ్యతో ఎంచుకొని ప్రింట్ఎఫ్‌కు ఇస్తున్నారు. స్ట్రింగు పిలుపులోనే రాసి ఉంటే, లేదా మార్చరాని అక్షరాల అర్రేగా ప్రకటించి ఉంటే కంపైలరు చదవగలదు. షరతు గుర్తుతో రెండింటిలో ఒకటి ఎంచినా రెండింటినీ చదువుతుంది. నడిచేటప్పుడు పట్టికలోంచి తీసే పాయింటరు వెనుక ఏముందో దానికి కనబడదు. ఫార్మాట్ తనిఖీని రెండవ స్థాయికి పెంచితే ఇలాంటి పిలుపుల మీద కూడా హెచ్చరిక వస్తుంది. పట్టికను స్విచ్‌గా మార్చి, ప్రతి కొమ్మలో స్ట్రింగును పిలుపులోనే రాశాను. వరుసలు పెరిగాయి, కానీ ప్రతి వరుసా తనిఖీకి వచ్చింది. అదే స్థాయిలో రసీదు తేదీలో సంవత్సరాన్ని రెండంకెలతో ముద్రిస్తున్నారని కూడా ఒక హెచ్చరిక ఉచితంగా దొరికింది.

అన్నిటికంటే ముఖ్యమైనది రసీదు కింద ముద్రించే వ్యాఖ్య. వ్యాపారి ల్యాప్‌టాపు నుంచి పంపే ఆ వాక్యాన్ని నేరుగా ఫార్మాట్ స్ట్రింగుగానే ప్రింట్ఎఫ్‌కు ఇచ్చారు. పరీక్ష కోసం ఇంగ్లీషు అక్షరాల్లో '10% డిస్కౌంట్' అని పంపాను. శాతం గుర్తు, దాని వెనుక ఖాళీ, ఆ వెనుక చిన్న డి: ఇది సీ దృష్టిలో చెల్లుబాటు అయ్యే మార్పిడి గుర్తే, ఎందుకంటే ధన సంఖ్య ముందు ఒక ఖాళీ వదలమని చెప్పే జెండా ఆ ఖాళీ. కాగితం మీద '10', తరువాత ఎక్కడిదో తెలియని అంకె, దానికి అంటుకొని 'ఇస్కౌంట్' పడ్డాయి.

ఇది నవ్వి ఊరుకునే విషయం కాదు. వెలుపలి నుంచి వచ్చిన వాక్యాన్ని ఫార్మాటుగా వాడితే అప్పటిదాకా పడిన అక్షరాల లెక్కను ఇచ్చిన చిరునామాలో రాసే '%ఎన్' గుర్తు ద్వారా మెమరీలోకి రాయించవచ్చునని 2000లో డబ్ల్యూయూ ఎఫ్‌టీపీ అనే ఫైళ్ళ బదిలీ సర్వరులో బయటపడిన లోపంతో లోకానికంతా తెలిసింది. ఆ తరువాత జాగ్రత్తలు పలు చోట్ల పెరిగాయి: మైక్రోసాఫ్ట్ తన ప్రింట్ఎఫ్‌లో '%ఎన్'ను మామూలుగా పనిచేయకుండా మూసింది, ఆండ్రాయిడ్ లైబ్రరీ ఆపేసింది, లినక్సు సీ లైబ్రరీ గ్లిబ్‌సీలో ఫోర్టిఫై అనే రక్షణ ఆప్షను రెండవ స్థాయిని తెరిస్తే, రాయగల మెమరీలో ఉన్న స్ట్రింగులో '%ఎన్' కనబడగానే ప్రోగ్రాము ఆగిపోతుంది. కంపైలరు వైపు నుంచి, విలువలేవీ లేకుండా పరాయి స్ట్రింగును ఫార్మాటుగా ఇస్తే హెచ్చరించే ఫార్మాట్ సెక్యూరిటీ ఆప్షను ఉంది. ఉబుంటు తన జీసీసీలో దానిని ముందే తెరిచి ఇస్తుంది. బోర్డు కంపైలరుకు మనమే చెప్పాలి. మరమ్మతు మాత్రం చిటికెలో అయిపోయింది, '%ఎస్' ముందు పెట్టడమే.

ఆదివారం

ఈ రోజంతా చదివే వైపు పోయింది. ప్రింట్ఎఫ్ విషయంలో కంపైలరు ఎంత పెద్ద మనిషి తరహాగా ఉంటుందో, అదే తరహా స్ట్రింగుతో విలువలను చదివే స్కాన్ఎఫ్ విషయంలో అంత నమ్మదగ్గది కాదని నా అభిప్రాయం. రకాలను గట్టిగానే చూస్తుంది, అసలు ప్రమాదాలు చాలావరకు రకాల్లో ఉండవు.

రకాల తప్పులు ముందు చెప్పుకుంటాను. స్కాన్ఎఫ్‌కు వెళ్ళేవి పాయింటర్లు కనుక పెరుగుదల సూత్రం వర్తించదు: ఫ్లోటుకు '%ఎఫ్', డబుల్‌కు '%ఎల్‌ఎఫ్' అని తేడా ఇక్కడ తప్పనిసరి. పెట్టె అమరికల్లో యంత్రం నంబరు 8 బిట్ల గడి. దానిని '%యూ'తో చదువుతున్నారు. ఆ పిలుపు నాలుగు బైట్లు రాస్తుంది, పక్కనే ఉన్న కాగితం వెడల్పు గడి సున్నా అవుతుంది. జీసీసీ దీనిని సూటిగా పట్టింది. నానో లైబ్రరీని పరీక్షించే ఓపిక లేక, మామూలు అన్‌సైన్డ్ ఇంట్‌లోకి చదివి, 255 దాటలేదని చూసి, అప్పుడు గడిలో పెడుతున్నాను.

ఇక బరువు. నిషేధానికి ముందు కొన్న కొత్త కాటా పంపే వరుసలను బల్ల మీద పెట్టి చూశాను: రెండక్షరాల స్థితి, కామా, బరువు, ఉదాహరణకు 'ఎస్‌టీ,032.450'. పాత కాటా అంకెల ముందు ఖాళీలు పంపేది, ఇది సున్నాలు పంపుతోంది. కోడులో కిలోలను చదివే గుర్తు '%ఐ'. ప్రింట్ఎఫ్‌లో '%ఐ', '%డి' ఒకటే కానీ స్కాన్ఎఫ్‌లో '%ఐ' ముందు సున్నా కనబడితే ఆ సంఖ్యను అష్టాంశ పద్ధతిలో చదువుతుంది. 032 కిలోల బుట్ట 26 కిలోలుగా వచ్చింది. 018 మరీ ఘోరం: అష్టాంశంలో 8 అనే అంకె లేదు కనుక 1 దగ్గర ఆగిపోయింది, తరువాత చుక్క కోసం చూస్తే 8 ఎదురైంది, చదవడం అక్కడితో ముగిసి గ్రాముల గడిలో వెనుకటి బుట్ట గ్రాములే మిగిలిపోయాయి. '%ఐ'కి కావలసింది ఇంట్ పాయింటరు, ఇచ్చిందీ అదే. ఏ కంపైలరూ ఒక్క మాట అనలేదు, అనే అవకాశమూ లేదు.

స్థితి అక్షరాలను '%2ఎస్'తో రెండు బైట్ల అర్రేలోకి చదువుతున్నారు. ముగింపు సున్నాకు మూడవ బైటు కావాలి. జీసీసీ మౌనంగా ఉంది; ఇటీవలి క్లాంగ్ మాత్రం అర్రే పరిమాణం 2, గుర్తుకు 3 అవసరం కావచ్చు అని చెప్పింది. ఒకే కోడును రెండు కంపైలర్లతో చూపించుకోవడం వల్ల లాభం ఇలాంటిచోట తెలుస్తుంది. వెడల్పే లేకుండా ఒట్టి '%ఎస్' రాసి ఉంటే జీసీసీ ఫార్మాట్ తనిఖీ దానిని తప్పుగా చూడదు, కాబట్టి అలాంటివి నేనే వెదికి చూశాను.

ఇప్పుడు బరువు వరుసను '%2ఎస్,%3యూ.%3యూ%ఎన్' అనే స్ట్రింగుతో చదువుతున్నాను. చివరి '%ఎన్' వల్ల ఎన్ని అక్షరాలు ఖర్చయ్యాయో తెలిసి, వరుస పూర్తిగా వాడబడిందో లేదో పోల్చవచ్చు. ముద్రణలో దొంగగా పేరుపడిన గుర్తు ఇక్కడ కాపలాకు పనికొచ్చింది. అది తిరిగిచ్చే లెక్కలో చేరదు కనుక మూడు వస్తేనే సరి. '%యూ' రుణగుర్తును కూడా మింగి, '-12'ను నాలుగు వందల కోట్ల పైచిలుకు సంఖ్యగా మారుస్తుంది. తట్ట బరువు తీసేసినప్పుడు కాటా రుణసంఖ్య పంపడం మామూలే కనుక 999 దాటితే తిరస్కరించే షరతు పెట్టాను. తిరిగి వచ్చిన లెక్కను వాడకుండా వదిలేస్తే హెచ్చరిక రావాలని, ఈ చదివే ఫంక్షనుకు ఆ అట్రిబ్యూటునూ చేర్చాను.

బుధవారం

58 మిల్లీమీటర్ల ప్రింటరులో వరుసకు 32 అక్షరాలు. బఫరు 33 బైట్లు. 2017లో వచ్చిన జీసీసీ 7 నుంచి, బఫరులోకి ముద్రించే ఎస్‌ప్రింట్ఎఫ్ రాసే బైట్లు బఫరు దాటవచ్చేమో, ఇచ్చిన పరిమితి వరకే రాసే ఎస్‌ఎన్‌ప్రింట్ఎఫ్‌లో వరుస తెగిపోవచ్చేమో కంపైలరు అంచనా కడుతుంది. ఈ తనిఖీని రెండవ స్థాయికి పెంచితే, విలువ ఎంత ఉండవచ్చో తెలియనప్పుడు ఇంట్‌కు గరిష్ఠంగా 11 అక్షరాలని లెక్కగట్టి హెచ్చరిస్తుంది. ముద్రించే ఫంక్షనులోనే కిలోలు 999 దాటవన్న షరతును ముందు పెట్టాక, ఆప్టిమైజేషన్ తెరిచిన బిల్డులో ఆ హెచ్చరిక దానంతట అదే పోయింది, అంటే షరతును చదివి అంకెలు మూడేనని గ్రహించిందన్నమాట. ఆప్టిమైజేషన్ లేని బిల్డులో ఈ లెక్క అంత బాగా సాగదు.

ఇది ల్యాప్‌టాపు తెర మీది తెలుగు దగ్గర పనికిరాదు. యూటీఎఫ్-8 సంకేతపద్ధతిలో మన అక్షరసంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు. 'చందువ' 15 బైట్లు, 'రొయ్యలు' 21. '%-16ఎస్' వెడల్పును బైట్లలోనే లెక్కిస్తుంది కనుక చందువ వెనుక ఒక ఖాళీ పడుతుంది, రొయ్యల వెనుక ఏదీ పడదు, పట్టిక వంకర తిరుగుతుంది. '%.10ఎస్' అంటే 'చంద' తరువాత సగం తెగిన బైటు మిగులుతుంది. రకం స్ట్రింగే కనుక కంపైలరుకు ఇందులో తప్పు లేదు. ఖాళీలను లెక్కగట్టే ఫంక్షను విడిగా రాయవలసి వచ్చింది.

ల్యాప్‌టాపు సందేశాల అనువాదానికి గెట్‌టెక్స్ట్ వాడుతున్నాము. దాని ఫంక్షనుకు ఉండే ఫార్మాట్ ఆర్గ్ అట్రిబ్యూటు వల్ల కంపైలరు మూలంలోని ఇంగ్లీషు స్ట్రింగును తనిఖీ చేయగలదు. తెలుగు స్ట్రింగు మాత్రం వేరే ఫైలులో ఉంటుంది, నడిచేటప్పుడు వస్తుంది. ఇంగ్లీషులో బరువు ముందు, చేప పేరు వెనుక ఉన్న వాక్యాన్ని మనం '%2$ఎస్ %1$డి కిలోలు' అని తిప్పుకోవాలి. ఆ స్థానసంఖ్యలు పెట్టడం మరిచి క్రమం మార్చితే, ఒక సంఖ్యను స్ట్రింగు చిరునామాగా భావించి ప్రోగ్రాము కూలుతుంది. రెండు భాషల స్ట్రింగులనూ పోల్చేది గెట్‌టెక్స్ట్‌లోని ఎంఎస్‌జీఎఫ్‌ఎంటీ పరికరం, ఫార్మాట్ తనిఖీ ఆప్షనుతో. దానిని బిల్డులో ఒక మెట్టుగా చేర్చాను.

శుక్రవారం

బోర్డు బిల్డు, ల్యాప్‌టాపు జీసీసీ, క్లాంగ్ మూడింటిలోనూ ఫార్మాట్ హెచ్చరికలను తప్పులుగా మార్చాను. ఒక్కటి వచ్చినా బిల్డు ఆగుతుంది. ఒక చోట మాత్రం, స్ట్రింగు పిలుపులో కనబడదని చెప్పే నాన్‌లిటరల్ హెచ్చరికను ప్రాగ్మాతో (కోడులోనే కంపైలరుకు ఇచ్చే ఆదేశం) ఆపి ఉంచాను: రసీదు శీర్షికను వ్యాపారి తానే మార్చుకునే వీలు కావాలన్నారు, ఆ స్ట్రింగులో దుకాణం పేరు ఎక్కడ రావాలో '%ఎస్'తో చూపడం ఆయనకు అలవాటైంది. దాని బదులు ఒకే ఒక గుర్తును గుర్తించి పేరును అతికించే చిన్న ఫంక్షను రాయడం, ఆ ప్రాగ్మాను తీసేయడం, కొత్త కాటాతో రేవులోనే ఒకసారి తూచి చూడడం పడవలు కదిలేలోగా మిగిలిన పనులు.